ఆమె ఎత్తని బిందె

కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంటు కింద పొద్దున్నే ఆడవాళ్లు నడుస్తుంటారు. మొన్న ఒకరోజు నా ముందు నడుస్తున్న ఒకావిడ ఉన్నట్టుండి ఆగిపోయింది. కాలికి కాలు మెలివేసి, గోడ పట్టుకొని, తల వంచి తుమ్మింది. చుట్టూ ఒకసారి చూసుకొని, ఏమీ కానట్టు మళ్లీ నడక మొదలుపెట్టింది. వెనక నేనున్నానని ఆమెకు తెలియదు. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. తుమ్ముకు ముందు అట్లా సిద్ధమయ్యే మనిషిని ఇంతకుముందు ఒక్కరినే చూశాను. ఆమె పోయిన వానాకాలంలో చనిపోయింది.

ఆమెది మా ఊరే. గుమ్మడిదల దాటి లోపలికి పోవాలి. వాళ్లది భూమి ఉన్న ఇల్లు. మా అమ్మ వాళ్ల పొలంలో నాట్లకూ కలుపులకూ పోయేది. అందుకని ఆమెను కోడలుగా వచ్చిన రోజు నుంచీ మేము పటేలమ్మ అనే పిలిచాం. తొంభైల నడుమకు వచ్చేసరికి మా చుట్టూ కంపెనీలు లేచాయి. వాళ్ల బావిలో నీళ్లు పసుపుపచ్చగా మారాయి. వరి మడిలో నిలబడ్డది నిలబడ్డట్టే మాడిపోయింది. రెండేళ్లు చూసి, మూడో ఏడు పొలం బీడు పెట్టేశారు. జిన్నారం పోయే దారిలో ఒక మందుగోళీల కంపెనీలో నేను అప్పటికే ప్యాకింగ్ పనికి పోతున్నాను. ఒకరోజు పొద్దున కంపెనీ బస్సు కోసం నిలబడితే, పక్కన టిఫిన్ డబ్బా పట్టుకొని పటేలమ్మ నిలబడి ఉంది.

బస్సెక్కగానే నేను లేచి సీటు ఇచ్చాను. "కూసో పటేలమ్మా."

"ఈడ పటేలమ్మ ఏంది పిల్లా. నీ పక్కన నిలవడి గోళీలు ఏరేటందుకే గద వచ్చిన. అక్క అను."

ఆ మాటకు నా నోరు తిరగడానికి చాలా రోజులు పట్టింది. సాయంత్రం ఊళ్లో బస్సు దిగగానే ఆమె మళ్లీ పటేలమ్మ అయ్యేది. ఇద్దరం ఆ ఏర్పాటుకు అలవాటు పడిపోయాం.

బస్సులో డ్రైవరు వెనక మొదటి సీటు ఆమెది. కాలి మీద కాలు వేసుకొని, సంచిని ఒళ్లో అదుముకొని, గుంత రాకముందే ముందున్న కడ్డీని పట్టుకునేది. ఏ గుంత ఎక్కడుందో డ్రైవరుకన్నా ఆమెకే బాగా తెలుసనిపించేది. పొద్దున ఇంట్లో చాయ్ కూడా తాగి వచ్చేది కాదు. మధ్యాహ్నం అన్నంలో రెండు గుక్కల నీళ్లు తాగేది, అంతే. ఎండాకాలం వస్తే పెదవులు పగిలి నెత్తురు కనిపించేది.

ఇంకొకటి, ఆమె నవ్వేది కాదు. లైనులో ఎవరైనా సూపర్‌వైజరు నడక నడిచి చూపిస్తే మేమందరం కడుపు పట్టుకొని నవ్వేవాళ్లం. ఆమె పెదవులు బిగించి మొహం పక్కకు తిప్పుకొని, "కానియ్యి, కానియ్యి, పని కానియ్యి" అనేది. ఏ ముచ్చటనైనా ఆ ఒక్క మాటతో ముగించేది. "భూమి పోయినా పటేలిర్కం పోలే" అని వెనక అనుకునేవాళ్లు. నేను పక్కనే నిలబడేదాన్ని కాబట్టి ఒకటి గమనించాను. మొహం తిప్పుకున్నప్పుడు కూడా ఆమె కళ్లు నవ్వుతూనే ఉండేవి. ఆ నవ్వు కిందికి దిగకుండా ఎవరో గొంతు దగ్గర పట్టుకున్నట్టుండేది.

ప్యాకింగ్ హాల్లోకి పోవాలంటే చెప్పులు విడిచి, చీర మీద తెల్లకోటు, తలకు టోపీ, కాళ్లకు గుడ్డ తొడుగులు వేసుకోవాలి. ఒంటికి పోవాలంటే సూపర్‌వైజరును అడిగి, అవన్నీ విప్పి, తిరిగొచ్చి చేతులు కడుక్కొని మళ్లీ అన్నీ తొడుక్కోవాలి. బెల్టు దగ్గర ఒక మనిషి తగ్గితే గోళీల పట్టీలు వచ్చి కుప్ప పడతాయి. అందుకే ఎవరడిగినా "బ్యాచ్ అయినంక" అనే జవాబు.

ఒక వానాకాలం రోజు బయట ట్రక్కు నిలబడి ఉంది. మధ్యాహ్నం కావస్తుండగా ఆమె చెయ్యెత్తింది. సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు.

"బ్యాచ్ ఖతం కానీయమ్మా. ట్రక్కు ఆగి ఉంది."

ఆమె చెయ్యి దించింది. పట్టీలు వస్తున్నాయి, ఏరి డబ్బాలో పెడుతున్నాం. కొంతసేపటికి ఆమె మళ్లీ చెయ్యెత్తింది. ఈసారి అతను చూసీ చూడనట్టు పోయాడు. ఆమె నుదుటి మీద టోపీ అంచు తడిసింది. మోకాళ్లు దగ్గరికి బిగించి, ముందుకు వంగి, చేతులు మాత్రం ఆపకుండా ఆడిస్తోంది. అంతలో గోళీల పొడి లేచింది. నాకు దగ్గు వచ్చింది, అటు పక్కామెకూ వచ్చింది. పటేలమ్మ మొహం ఎర్రగా అయింది. ఊపిరి బిగపట్టింది. దగ్గును ఆపాలని ఒక మనిషి అంతగా కొట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి దగ్గు గెలిచింది.

ఆమె చేతులు ఆగాయి. బెల్టు మీద పట్టీలు పోతూనే ఉన్నాయి. నా వైపు చూడకుండా, పళ్ల సందు నుంచి అంది:

"పిల్లా, నా ఎన్క నిలవడు. ఆన్కొని నిలవడు. ఎవలన్న అడిగితె కండ్లు తిరిగినయ్ అని జెప్పు."

నేను వెనక్కి వచ్చి నిలబడ్డాను. తెల్లకోటు వెనక భాగం తడిసి కాళ్లకు అతుక్కుపోయింది. ఆమె భుజం పట్టుకొని, ఆమెకు అంటుకొని నడిచాను. సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. "కండ్లు తిరుగుతున్నయట సార్" అన్నాను. అతను కిందికి చూడకుండా నేను ఆమెకు ఇంకా దగ్గరగా జరిగాను. అతను తలుపు వైపు చెయ్యి చూపించి, మా ఖాళీలో నిలబెట్టడానికి ఇంకొకామెను పిలిచాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఆమె నాకు వీపు పెట్టి నిలబడింది. సంచిలోంచి మడత పెట్టిన లంగా తీసింది. అది ఎప్పుడూ ఆ సంచిలో ఉంటుందని నాకప్పుడు అర్థమైంది. సంచిని ఒళ్లో అంత గట్టిగా ఎందుకు పట్టుకునేదో కూడా.

"మూడో కాన్పు కాడికెంచి" అంది, గోడతో చెప్పినట్టు. "ఇంట్లనే అయింది. పొట్ట మీద ఒత్తిన్రు, గుంజిన్రు. గప్పటిసంది దగ్గితే గింత, నవ్వితే గింత. ఈ ఏడు గర్భసంచి గూడ కిందికి జారినట్టు కొడుతున్నది. సాయంత్రం అయ్యేసరికి కాళ్ల నడుమ ఏందో అడ్డం వడ్డట్టుంటది."

"పటేలుకు తెలుసా?" అన్నాను. ఏమని పిలవాలో తెలియక పిలుపు మానేశాను.

"తెల్సు. సంగారెడ్డిల ఒక నర్సింగ్ హోముల మాట్లాడిండు. దసరా పోయినంక సంచి తీపిస్తడట. ఊళ్లె సగం మంది తీపిచ్చుకున్నరు, నీకేంది అంటడు." ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుంటూ ఆగింది. "మా వదినె తీపిచ్చుకుంది. ఇరవై ఎనిమిదేండ్లకే. గప్పటిసంది ఒళ్లంత మంటలు, నడుము లేవది. సంచితోని కడుపుల ఇంకేందో గూడ ఆమెకు చెప్పకుంటనే తీసిన్రు పిల్లా. నాకు భయమైతున్నది."

ఆమె నోటి నుంచి భయం అనే మాట విన్నది అదే మొదటిసారి. తర్వాత కూడా వినలేదు.

మా అన్న వేళ్లు అంతకుముందు ఏడు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద నలిగాయి. కట్టు విప్పాక వేళ్లకు మళ్లీ పని నేర్పించడానికి పటాన్‌చెరులో ఒక దవాఖానకు తీసుకుపోయేదాన్ని. అక్కడ వ్యాయామాలు చేయించే మేడం ఒకామె ఉండేది. కృష్ణా జిల్లా వైపు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడేది. ఆమె గదిలో ఎప్పుడు చూసినా చేతులు, నడుములు దెబ్బతిన్న మగవాళ్లే. అయినా వారంలో ఒక మధ్యాహ్నం మాత్రం తెర వేసి ఆడవాళ్లను చూసేది. కాన్పుల తర్వాత ఒంటికి ఆగని వాళ్ల కోసమని అక్కడి ఆయా చెప్పగా విన్నాను. అప్పుడు అది నాకు సంబంధం లేని సంగతి. బట్టలు మార్చుకునే గదిలో గుర్తొచ్చింది.

"కొయ్యరు గద?" అంది పటేలమ్మ.

"కొయ్యరు. కసరత్ జేపిస్తరు."

"దానికేం కసరత్ పిల్లా?" అంది. ఆ వారమే ఇద్దరం సెలవు పెట్టి పోయాం. ఇంట్లో మోకాలి నొప్పి అని చెప్పింది.

మేడం మొదట కూర్చోబెట్టి మాట్లాడింది. పొత్తికడుపు అడుగున గిన్నెలాగా ఒక కండరం ఉంటుందని, మూత్రసంచీ గర్భసంచీ పేగూ దాని మీదే కూర్చుంటాయని చెప్పింది. కాన్పుల్లో అది సాగిపోయిందని, నలిగిన వేళ్లకు పని నేర్పినట్టే దానికీ నేర్పాలని చెప్పింది. తర్వాత తెర లోపలికి తీసుకుపోయింది. నేను బయట స్టూలు మీద కూర్చున్నాను. మాటలు వినిపిస్తున్నాయి.

"తొడుగు వేసుకున్న వేలు పెడతానమ్మా. వద్దంటే ఆపేస్తాను, చెప్పండి."

"పెట్టు" అంది పటేలమ్మ.

"ఇప్పుడు లోపలికి, పైకి లాగి పట్టుకోండి. పొట్ట కాదమ్మా. పిరుదులు కూడా కాదు. ఊపిరి బిగపట్టకండి. కాదు, మీరు కిందికి తోస్తున్నారు. అది ఇంకా చెడ్డది. పైకి."

ఎన్నిసార్లు చెప్పినా అదే. పటేలమ్మ ఒగర్పు వినిపిస్తోంది. ఆమె లేచి, చెప్పులు వేసుకొని, నన్ను చూడకుండా నడిచి వెళ్లిపోతుందనుకున్నాను.

"మేడం" అంది ఆమె చివరికి. "ఎగజేపుడా?"

"అంటే?"

"బర్రెను పిండేటప్పుడు దుడ్డెను దూరం కట్టేస్తే అది పాలు ఇయ్యది. పైకి గుంజుకుంటది. పొదుగు గట్లనే ఉంటది, కాళ్లు గట్లనే ఉంటయ్. మీదికెల్లి సూస్తె ఏం కదలది. లోపల లోపలనే గుంజుకుంటది. దాన్ని ఎగజేపుడంటరు."

"అట్లా చెయ్యండి చూద్దాం" అంది మేడం.

పటేలమ్మ ఒగర్పు ఆగింది.

"వచ్చింది" అంది మేడం. "ఇదేనమ్మా. ఇప్పుడు మెల్లగా వదలండి. మళ్లీ."

అక్కడి పెద్ద డాక్టరమ్మ కూడా చూసి, ఇప్పుడే కోత అవసరం లేదు, కొన్ని నెలలు చూద్దాం అంది. మేడం పూచీ ఏమీ ఇవ్వలేదు. "కొందరికి ఆపరేషన్ అవసరమే. మీకూ పడితే నేనే చెప్తాను. కానీ ఇది రోజూ చెయ్యాలి. తుమ్ము వచ్చే ముందు, దగ్గు వచ్చే ముందు ఎగజేపి పట్టుకోవాలి. నీళ్లు మానేయకూడదు. బరువులు ఎత్తకూడదు." చివరి మాటకు పటేలమ్మ తల ఊపింది, కానీ ఆమె కళ్లు నేల మీదికి పోయాయి.

ఆ తర్వాత బస్సులో మొదటి సీటు నుంచి ఆమె నాకు సైగ చేసేది. గుంత వస్తోందంటే వెనక్కి తిరిగి కనుబొమ్మలు ఎత్తేది. నేనూ చెయ్యాలన్నమాట. "నాకెందుకక్కా" అంటే, "రేపు నీకు గావా కాన్పులు? కానియ్యి" అనేది. మీద నుంచి చూస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. గోళీలు ఏరుతూ, బస్సు కోసం నిలబడి, పిల్లలకు అన్నం కలుపుతూ కూడా చేసేదట. ఆమె మొహం మీద ఒక రకమైన ఏకాగ్రత వచ్చి పోతుండేది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

కానీ వారాలు గడిచినా పెద్దగా మార్పు లేదు. తుమ్ము దగ్గర కొంచెం ఆగేది. సాయంత్రానికి మాత్రం అదే బరువు, కాళ్ల నడుమ అదే అడ్డం. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. నర్సింగ్ హోముకు పోవలసిన రోజు దాని వెనకే ఉంది. మేము రెండోసారి పోయినప్పుడు మేడం పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఇంట్లో బరువులు ఎవరు మోస్తున్నారు?"

పటేలమ్మ చీర సర్దుకుంటూ నా వైపు చూసింది. నేను చెప్పాను. మా ఊళ్లో బావులూ బోర్లూ పనికిరాకుండా పోయాయి. తాగడానికీ వండుకోవడానికీ ట్యాంకరు వస్తుంది. వాళ్లింటికి పెద్ద ఇత్తడి బిందెలతో పోతే గాని సరిపోదు. పూర్వం వాళ్ల ఇంటికి నీళ్లు మోసే మనుషులుండేవాళ్లు. ఇప్పుడు ఆమే మోస్తుంది.

"మీరు పొద్దంతా కట్టిన గోడను సాయంత్రం మీరే కూలగొడుతున్నారమ్మా" అంది మేడం.

తిరిగి వస్తుంటే బస్సులో నేను అన్నాను: "నేను మోస్త అక్కా. మా ఇంటికి తెచ్చుకునేటప్పుడు మీయి గూడ పోస్త."

ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపమొచ్చింది.

"మీ అమ్మ మోసింది సాలదా? నీ నడుము మాత్రం నడుము గాదా పిల్లా? నా బాధ నీకు తగిలిచ్చి నేను బాగుపడాల్నా?"

ఆమె ఊరు వచ్చేదాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాతి ఆదివారం ట్యాంకరు వచ్చింది. హారను వినగానే వీధి వీధంతా బిందెలతో ఉరికింది. మా బిందెలు నిండాయి. పటేలమ్మ కూడా రెండు బిందెలు తెచ్చి గొట్టం దగ్గర పెట్టి నింపింది. నిండాక ఒక బిందె మెడ మీద చెయ్యి వేసి, తీసేసి, నిటారుగా నిలబడింది. ఎత్తలేదు.

"ఏందమ్మా, జరుగు" అన్నారు వెనకవాళ్లు. ఆమె బిందెలను కాలితో పక్కకు జరిపి, తానూ పక్కకు జరిగి, మళ్లీ అట్లాగే నిలబడింది. వాళ్లిల్లు ఎదురుగానే. అరుగు మీద పటేలు చాయ్ తాగుతున్నాడు. గడపలో ముసలమ్మ, అంటే పటేలు తల్లి, ఎప్పటిలాగే గొంతుకూర్చుని ఉంది.

"ఏం సూస్తున్నవే? నీళ్లు నడిచొస్తయా?" అంది ముసలమ్మ.

"నేను మొయ్య అత్తా."

ముసలమ్మ లేచి నిలబడింది. "మొయ్యవా? నేను మొయ్యలేదా? నలుగురిని కని, మూడో నాటికి బిందె ఎత్తిన. నీ కాళ్లకేం వుట్టింది? కంపెనీకి పోయి రాణివైనవా?"

పటేలమ్మ అరుగు వైపు తిరిగింది. భర్తను చూసింది.

"ఏందయ్యా, నువ్వు మొయ్యి."

పటేలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన మంచివాడే, గట్టిగా అరిచే మనిషి కాదు. కానీ ఊరంతా చూస్తోంది. ఆ ఇంటి మగవాడు బిందె ఎత్తడం ఎవరూ చూసి ఎరగరు. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు:

"ఇంట్లకు పా. గిక్కడ లొల్లి వద్దు. ఎట్లైన దసరా పోయినంక ఆపరేషన్ అయితది, గప్పుడు ఈ తక్లీబే ఉండది."

"ఆపరేషన్ అయినంక బిందె ఎత్తొద్దంటరు. మా వదినెకు గట్లనే జెప్పిన్రు. గప్పుడు ఎవలు మోస్తరు?"

ఆయన బిందెల వైపు చూశాడు.

"గప్పుడు నువ్వే గద మొయ్యాలె. గప్పుడు మోసేది గిప్పుడే మొయ్యి. సంచి ఉంటనే ఉంటది."

ట్యాంకరువాడు గొట్టం చుట్టేసి బండి తీశాడు. ఎవరూ కదల్లేదు. ఆమె గొంతు పెంచలేదు, కళ్లలో నీళ్లు లేవు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకొని నిలబడింది. నేను మా బిందెతో ఎత్తుకోవడమూ దించుకోవడమూ తోచక నిలబడ్డాను. ఇప్పుడు ఆయన చెయ్యి ఎత్తితే ఏం చెయ్యాలా అని నేను ఆలోచిస్తున్న మాట నిజం.

పటేలు వంగి ఒక బిందె ఎత్తాడు. భుజానికి ఎట్లా ఎక్కించుకోవాలో తెలియక రొమ్ముకు అదుముకున్నాడు. గడప చేరేసరికి అంగీ అంతా తడిసిపోయింది. తల వంచుకొని మళ్లీ వచ్చి రెండోది కూడా అట్లాగే తీసుకుపోయాడు. వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. పటేలమ్మ వాళ్ల వైపు తిరిగి చూసింది, నవ్వు ఆగిపోయింది.

ఆ రాత్రే ఆమె పటాన్‌చెరు దవాఖాన సంగతి ఇంట్లో చెప్పేసిందట. మర్నాటి నుంచి ఆయన తన బండికి రెండు వైపులా ప్లాస్టిక్ క్యాన్లు కట్టుకున్నాడు. బండి మీద తెచ్చే నీళ్లకు సిగ్గు లేదు. మరో నెలకు మా వీధిలో ఇంకా కొందరు మగవాళ్లు అట్లాగే తేవడం మొదలుపెట్టారు. నర్సింగ్ హోము రోజు వచ్చింది, పోయింది. పటేలు ఆ మాట ఎత్తలేదు. ఆమె ఎత్తనివ్వలేదు.

సీతాఫలాలు వచ్చే రోజుల్లో ఒక సాయంత్రం బస్సు గట్టిగా బ్రేకు వేసింది. ఎవరో పైన పెట్టిన ఫలాల గంప సరిగ్గా సూపర్‌వైజరు తల మీద బోర్లా పడింది. ఆయన కళ్లద్దాల మీద గుజ్జు. మేము ఎట్లాగూ నవ్వాం. మొదటి సీటు నుంచి ఇంకొక నవ్వు వచ్చింది. పెద్దగా, బండి కదిలించినట్టు, మగవాళ్ల నవ్వులాంటిది. అందరూ నోళ్లు మూసుకొని అటు చూశారు. ఆమె ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, కళ్లు తుడుచుకుంటూ, ఆపుకోలేక నవ్వుతోంది. "ఏంది, కానియ్యుండ్రి" అంది.

పూర్తిగా బాగైందని చెప్పను. జలుబు చేసినా, పెళ్లిళ్ల పని ఎక్కువైనా మళ్లీ కొంత ఇబ్బంది వచ్చేది. అప్పుడు కసరత్తు ఇంకా పట్టుగా చేసేది. కానీ సంచిలో లంగా పెట్టుకోవడం మానేసింది. పొద్దున చాయ్ తాగి వచ్చేది.

ఆ చలికాలం ఒక సెలవు రోజు నేను వాళ్లింటికి పోయాను. లోపలి గదిలో ఆమె చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, నడుము కింద మెత్త పెట్టుకొని కసరత్తు చేస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. అది తెరుచుకుంది. గడపలో ముసలమ్మ.

ట్యాంకరు రోజు నుంచి అత్తాకోడళ్ల మధ్య అవసరానికి మించి మాటలు లేవు. నేను లేచి నిలబడ్డాను. పటేలమ్మ మాత్రం లేవలేదు. ముసలమ్మ కోడలిని, మెత్తను, నన్ను చూసింది. లోపలికి వచ్చి తలుపు వేసి గొళ్లెం పెట్టింది. గోడకు ఆనుకొని గొంతుకూర్చుంది.

"గిదేనా, గా డాక్టరమ్మ చెప్పింది?"

"గిదే."

"గిట్ల జేస్తే లోపలికి వోతదా?"

పటేలమ్మ మోచేతి మీద లేచి అత్తను చూసింది. "నాది మొత్తం బయటికి రాలేదత్తా. జారింది, గంతే."

ముసలమ్మ తన చేతులను చూసుకుంది. "నాది వచ్చింది" అంది. "నీ మొగడు వుట్టినప్పుడే. చేత్తోని లోపలికి నూకి, గోచి బిగ్గట్టుకుంట. నాటేసినా గంతే, మోసినా గంతే. నీ మామకు గూడ తెల్వదు. పోయిండు, తెల్వకుంటనే పోయిండు."

పటేలమ్మ పూర్తిగా లేచి కూర్చుంది. ఆమె ఎప్పుడూ గొంతుకూర్చునే ఎందుకుంటుందో నేనెన్నడూ అడగలేదు. మా ఊళ్లో ఎవరూ అడగలేదు.

"గట్లుండంగ నన్నెందుకు తిట్టినవ్ అత్తా, గారోజు?"

"నేను మోసిన గద. నువ్వెందుకు మొయ్యవు అనుకున్న." కొంగు సర్దుకొని మళ్లీ అంది: "నా ముంగట నా కొడుకు బిందె ఎత్తిండు. గది సూసినంక నాకు నిద్ర రాలే."

మరుసటి వారం ముగ్గురం పటాన్‌చెరు పోయాం. ఆ వయసులో, అంత జారిపోయినదానికి కసరత్తు ఒక్కటే సరిపోదని మేడం చెప్పింది. పెద్ద డాక్టరమ్మ ఒక రింగు పెట్టింది. మెత్తటి గుండ్రటి రింగు, లోపల ఆధారంగా నిలబడుతుంది. కొన్ని నెలలకొకసారి వచ్చి తీసి కడిగించుకోవాలి. తెర వెనక నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది, "గింతేనా?" అని. ఇంకోసారి, మెల్లగా, "గింతేనా?" అంది. పటేలమ్మ నా పక్కన కూర్చొని ఉంది. చేతిలో అత్త చెప్పులు పట్టుకొని ఉంది. కింద పెట్టమన్నా పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా ఉంది. ముసలమ్మ సీటు మీద కాళ్లు కిందికి వేసి, వెనక్కి ఆనుకొని, పూర్తిగా కూర్చుంది. చాలాసేపు చేతులతో సీటు అంచును తడుముతూ ఉండిపోయింది. జిన్నారం దాటాక కోడలి వైపు వంగింది.

"గీ ముచ్చట ఎవలకు జెప్పకే."

"జెప్త అత్తా" అంది పటేలమ్మ. "నీ పేరు జెప్ప. గని ముచ్చట జెప్త. ఒకలకు గాదు, అందరికి జెప్త."

ముసలమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. కంపెనీల గోడలు పోతున్నాయి, మధ్యమధ్య బీడు పడిన మడులు పోతున్నాయి. మా ఊరి మలుపు దగ్గర మళ్లీ కోడలి వైపు తిరిగింది.

"అయితే ముందుగాల మా అక్కకు జెప్పు" అంది. "దానిది గూడ గంతే."